నడిమింట్లో వాన

ఆగస్టు నెల రెండో బుధవారం మధ్యాహ్నం మూడుంబావుకు మా నడిమింట్లో వాన మొదలైంది. బయట ఎండ ఫెళ్లున కాస్తూ ఉంది. ఇది జరిగి మూడేళ్లయింది. నిన్న ఒక నర్సమ్మ ఆ ఇల్లు అద్దెకు చూడ్డానికి వచ్చి, గుమ్మంలోనే ఆగి, "అమ్మా, నాకు ఒక పిల్లి ఉండాది. పెట్టుకోవచ్చునా?" అని అడిగింది. "ఒకటేనా?" అన్నాను. నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల ఎందుకో తెలియక బిక్కమొహం వేసింది. అందుకని ఇది రాస్తున్నాను.

ఆండర్సన్‌పేటలో నాకు వరుసగా మూడు చిన్న ఇళ్లున్నాయి. వెనక గదిలో నేనుంటాను. మధ్యలో ఉన్నవన్నీ ఇటుక మందం గోడలే కాబట్టి ఎవరింట్లో కొళాయి కారినా, ఎవరు ఎవరిని తిట్టినా నాకు చేరుతుంది. మా ఆయన కోలారు బంగారు గనిలో టైమాఫీసులో పనిచేసినంత కాలం, మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడిని కూడా వదలకుండా రాసుకున్న మనిషి. ఆయన పోయాక ఆ పని నాకు వచ్చింది. ఇంట్లో దిగేవాళ్లకు మొదటి రోజే నిలబెట్టి చెబుతాను: గోడకు మేకు కొట్టకూడదు, రాత్రి పదయ్యాక మిక్సీ వేయకూడదు, కుక్క, పిల్లి, కోడి, మేక ఏదీ ఉండకూడదు. వీధిలో నన్ను "జైలు ఓనరమ్మ" అంటారని తెలుసు. ఆ పేరు నాకు నచ్చేది కూడా.

అప్పుడు నడిమింట్లో ఉన్నది బేతమంగళ దగ్గరి పల్లెవాళ్లు, మొగుడూ పెళ్లామూ. అతను తెల్లారకముందే రైలెక్కి మాలూరులో ఫ్యాక్టరీకి పోయేవాడు. ఆమె నెమ్మది మనిషి. నాలుగేళ్లలో ఆ గోడకు ఒక్క మేకు దిగలేదు. అలాంటి ఇంట్లో వాన శబ్దం వస్తే కొళాయి విరిగిందనుకోక ఏమనుకుంటాను? తలుపు తట్టాను. ఆమె తలుపు జానెడు తెరిచి, నా చెప్పుల వంక చూసింది.

"చెప్పులు బయట ఇడిచి రండమ్మా. పౌడరు పూసుకోలేదు గదా?"

నా ఇంట్లోకి నేను పోవడానికి ఇన్ని షరతులా అని లోపలికి అడుగుపెట్టాను. నేల మీద, మంచం మీద, అటక మీద, ఎక్కడ చూసినా వెదురు తట్టలు. తట్టల నిండా తెల్లటి పట్టుపురుగులు, చిటికెనవేలంత లావున, వేలకు వేలు. అన్నీ కలిసి మల్బరీ ఆకు నములుతున్నాయి. నేను విన్న వాన అదే. గదంతా పచ్చి ఆకు వాసన. ఆమె కుట్టుమిషను మీద కూడా రెండు తట్టలున్నాయి.

సంగతి ఇది. పల్లెలో వాళ్ల పురుగుల షెడ్డు పక్కనే ఎవరిదో టమోటా తోట. ఆ తోటకు మందు కొడితే ఆ గాలికే పురుగులు చస్తాయి. అందుకని ఆదివారం నేను ఆరాధనకు పోయిన రెండు గంటల్లో టెంపోలో తెచ్చి ఇక్కడ దింపేశారు.

"కోడి, మేక వద్దని చెప్పినాను గదమ్మా," అన్నాను.

"పురుగులు వద్దని చెప్పలేదు గదమ్మా," అంది తలవంచుకుని.

అది నిజమే.

"నాలుగో జ్వరం ఇప్పుడే దాటేసినాయమ్మా," అంది. పురుగు మేత మాని కుబుసం విడిచేదాన్ని వాళ్లు జ్వరం అంటారు; అందుకే అంతవరకు నాకు చప్పుడు వినిపించలేదు. "ఇంగ వారానికి గూడు కడతాయి. ఈ పంట చేతికొస్తే ఊర్లో మా ఇంటికి కప్పు పడతాది. పోతే మళ్లా పెట్టే శక్తి మాకు లేదు. పొగ, ఘాటు, పౌడరు వాసన ఏదీ తగలకూడదు. యాడికీ తీసుకపోయేకి లేదమ్మా."

వారం గడువిచ్చాను. గడువు వాళ్లకని అనుకున్నాను కానీ శిక్ష నాకు పడింది. దోమల చుట్ట వెలిగించకూడదు. ఎండుమిరపకాయల తాలింపు వేయకూడదు. మొదటింట్లో గని నుంచి రిటైరైన పెద్దాయన ఉండేవాడు. ఆయన బీడీని వీధి చివరకు తరిమాను. "భూమి లోపల మూడువేల అడుగుల కింద కూడా ఇన్ని రూల్సు లేవక్కా," అన్నాడాయన. అయినా రోజూ ఆ చివరకే పోయి తాగి వచ్చేవాడు.

శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు వీధి మొదట్లో ఆటో ఆగింది. అందులోంచి ఖాకీ చొక్కా మనిషి దోమల పొగ మిషను దింపాడు. ఈ మిషను కోసం ఆరు నెలల్లో నేనే మున్సిపాలిటీకి మూడు అర్జీలు ఇచ్చాను. మూడోదాంట్లో కొంచెం కోపంగా కూడా రాశాను. నడిమింటామె గుమ్మంలోకి వచ్చి, మిషనును చూసి, గోడకు చేరబడిపోయింది. ఏడవలేదు. కొంగు మాత్రం రెండు చేతులతో మెలిపెడుతూ ఉంది.

నేను గొడుగు తీసుకుని పోయి వీధికి అడ్డంగా నిలబడ్డాను.

"అర్జీ ఇచ్చింది మీరే గదమ్మా?" అన్నాడు.

"నేనే."

"పొగ కావాలన్నది?"

"నేనే."

"ఇప్పుడు వద్దనేది?"

"అదీ నేనే. మా వీధిలో దోమలు లేవప్పా."

అప్పుడే ఒకటి నా ముంజేతి మీద వాలింది. అతను దాన్ని చూశాడు. నేనూ చూశాను. కొడితే ఉందని ఒప్పుకున్నట్టవుతుంది కాబట్టి, అది కడుపునిండా తాగి లేచేదాకా చెయ్యి కదపలేదు. మొదటింటి పెద్దాయన వెనకనుంచి, "ఈ వీధిలో దోమ అనేదాన్ని నేను చూసిందే లేదు సార్," అని, కాలు బరబరా గోక్కున్నాడు.

"సరేమ్మా, మళ్లా అర్జీ ఇస్తే నేను ఊరుకోను," అని ఆటో తిప్పుకుని పోయాడు.

బుధవారానికి పురుగులు పండాయి, అంటే మేత మాని గూటికి సిద్ధమయ్యాయి. గూళ్లు కట్టడానికి పెట్టిన చంద్రికలనే వెదురు చట్రాల మీదకు పాకి, ఎక్కడివక్కడ కూర్చుని గూళ్లు కట్టుకున్నాయి. గదిలో వాన ఆగిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం నాకు నిద్ర పట్టలేదు. అయిదో రోజున మొగుడూ పెళ్లామూ గూళ్లు మూటలు కట్టి కోలారు మార్కెట్టుకు తీసుకపోయారు. మంచి ధర పలికింది. క్రిస్మస్‌కు ముందే ఊళ్లో ఇంటికి కప్పు పడింది. సొంత ఇంటికి కప్పు పడినవాళ్లు నా ఇంట్లో ఎందుకుంటారు? ఆ లెక్క నేను గొడుగు తీసుకుని వీధిలోకి పోయేటప్పుడే వేసుకుని ఉండాల్సింది. దిగిన రోజు నేను చెప్పినట్టే సరిగ్గా నెల ముందు చెప్పి, ఇల్లు కడిగి, తాళం నా చేతిలో పెట్టి పోయారు. గోడలన్నీ చూశాను. మేకు లేదు.

నిన్న నర్సమ్మకు పిల్లిని తెచ్చుకోమన్నాను. తర్వాత కూర్చుని నాకు పోయినవి లెక్కవేశాను: వారం రోజుల తాలింపు. ఒక దోమల పొగ, అది మళ్లీ రాలేదు. జైలు ఓనరమ్మ అన్న పేరు. నాలుగేళ్లు ఒక్క మాట అనిపించుకోని నడిమింటి కాపురం. వాన మొదలైన ఆ మూడుంబావు మాత్రం ఎక్కడికీ పోలేదు, రోజూ వస్తుంది. వచ్చినప్పుడల్లా నేను నడిమింటి గోడకు చెవి పెడతాను.