బండ మీద నీళ్లతో

పోయిన సోమవారం తెల్లారి చెంబూ కుంచే తీసుకుని మామ ఇంటికి బయలుదేరాను. వీధి మలుపులో రాళ్లు చెక్కే ఆయన ఎదురొచ్చాడు. నా చేతిలో చెంబు చూసి, "ఇంక నీళ్లు ఎందుకప్పా, మామ పోయినాడు" అన్నాడు. ఏ మామ అని అడిగే పని లేదు. మా వీధిలో పిల్లలకూ పెద్దలకూ మామ ఆయనొక్కడే.

నేను నేతపని చేసేవాణ్ణి. ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. నలుగురిలో నాకు నోరు పెగలదు. మామ గురించి కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా ఊరి చుట్టూ నల్లబండల గనులు. బండలు ఇక్కడినుంచి బండ్ల మీద ఎర్రగుంట్ల స్టేషనుకు పోతాయి. ఊళ్లో ఎవరు బావి తవ్వించినా, ఎవరికి సమాధి కట్టినా, బండ మీద పేరు సున్నంతో రాసేది మామ. చెక్కేవాళ్లకు చదువు రాదు. ఆయన గీత ఎట్లా పోతే ఉలి అట్లా పోవలసిందే.

ముప్పై ఏళ్ల కిందట చీర కోసం మా ఇంటికి వచ్చినప్పుడు, మడత మీద గుర్తుకు నేను రాసిన అక్షరం చూశాడు.

"ఇది ఎవురు రాసినారు?"

నేను తల వంచుకున్నాను. మా ఇంటామె నా వైపు చెయ్యి చూపించింది.

"అక్షరం కూడా నీ మాదిరే ఉండాది కదప్పా, మూలకు నక్కి. రేపు పొద్దున రా. బయటికి తీసుకొద్దాం."

మర్నాడు వెళితే కాగితం లేదు, కలం లేదు. వాకిట్లో ఒక నల్లబండ. చెంబు నిండా నీళ్లు. ఈతమట్ట కొనను నలగ్గొట్టి చేసిన కుంచె. రోజుకు ఒకే వరుస. మా ఎండలకు బండ మీద నీళ్లు ఎంతసేపుంటాయి? మొదటి అక్షరం ఆరకముందే చివరి అక్షరం రాయాలి.

"ఉరకొద్దు, నిలబడొద్దు" అనేవాడు. అంతకు మించి పాఠం లేదు.

నా వంకర గీతలు ఎవరైనా చూస్తారేమోనని చేత్తో కప్పుకుంటే నవ్వేవాడు. "బాగుంటే ఆరిపోతాది, బాగలేకున్నా ఆరిపోతాది. నీకు సిగ్గు దేనికి?"

అత్త గడపలో కూర్చుని రాగులు చెరుగుతూ ఆయన్ను ఆడిపోసుకునేది. "ఊళ్లో అందరి పేర్లూ రాస్తివి. నా పేరు యాడన్నా రాసినావా?"

"నువ్వు ఇంట్లోనే ఉండావు కదా. రాసుకునే పనేముండాది?"

ఆ మాటకు ముగ్గురమూ నవ్వుకునేవాళ్లం.

ఏడేళ్ల కిందట ఒక రైతు వాళ్ల అమ్మ పేరున పశువులకు నీళ్ల తొట్టి కట్టించాడు. మామ ఊళ్లో లేడు, నన్ను రాయమన్నారు. మగ్గం పని ఒత్తిడిలో నెలరోజులుగా నేను కుంచె పట్టలేదు. ఆ మాట చెప్పలేక ఒప్పుకున్నాను. మొదటి వరుస కింద వత్తులకు చోటు వదలడం మరిచిపోయాను. రెండో వరుస తలకట్లు వెళ్లి ఆ వత్తుల్లో ఇరుక్కున్నాయి. సున్నంగా ఉండగా కనిపించి ఉంటే తుడిచేసేవాణ్ణి. నేను ఇల్లు చేరి మర్నాడు వెళ్లేసరికి చెక్కేశారు.

"ఏమప్పా, నీ అక్షరాలకు కూచునేకి చోటు లేదా, ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కినాయి?" అన్నారు నీళ్లకు వచ్చినవాళ్లు.

ఆ రోజునుంచి కుంచె చూరులో దోపేశాను. తొట్టి ఉన్న దారి మానుకున్నాను. మామ ఇంటి దారీ మానుకున్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. అత్త చేత మాత్రం కబురు పంపేవాడు, బండ కడిగే ఉండాదని చెప్పమని. నేను పోలేదు. కబురు తెచ్చిన అత్త ముఖం కూడా సరిగా చూడలేదు.

పోయిన చలికాలంలో అత్త పోయింది. నెల తిరక్కుండా మామ కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి, కళ్లకు పొర కమ్మింది.

"మీ అత్త పేరు నువ్వు రాయాల."

"నాకు రాదు మామా."

"రాదని నాకూ తెలుసు. పొద్దున రా."

మళ్లీ మొదలుపెట్టాను. అత్త సమాధికి తెచ్చిన బండనే వాకిట్లో పరిచాడు. రోజూ దాని మీద నీళ్లతో ఆమె పేరు రాసేవాణ్ణి. ఆయనకు కనిపించదు కదా, వేలితో తడిమేవాడు. ఎండకు కాగిన రాయి మీద తడి గీత ఒక్కటే చల్లగా తగులుతుంది. "ఈడ సన్నబడింది." "ఈడ నిలబడినావు." తడిమినంత మేరా అక్షరం చెదిరిపోయేది. ఆఖరున "రేపు" అనేవాడు.

నాలుగు నెలలు ప్రతిరోజూ రేపే. ఆయన ఉండగా ఆ పేరు చెక్కించాలని నాకు లోపల ఒకటే ఆత్రం. చెక్కే ఆయన రెండుసార్లు వచ్చి ఊరికే తిరిగిపోయాడు.

ఆ సోమవారానికి ముందు ఆదివారం పొద్దున రాశాక మామ వేలు పెట్టలేదు. అరచెయ్యి మొత్తం పేరు మీద ఆనించి కూర్చున్నాడు. తడి ఆరిపోయినా తియ్యలేదు. రేపు అంటాడేమోనని చూశాను. అనలేదు. చెంబు తీసుకుని వచ్చేశాను. అదే ఆఖరు. సరే అన్నట్టా, ఓపిక లేక ఊరుకున్నాడా, అడిగి ఉంటే బాగుండేది. నాకు అడగడం రాదు.

మామను అత్త పక్కనే పెట్టారు. నిన్న అదే బండ మీద అత్త పేరు సున్నంతో రాశాను. కింద వత్తులకు చోటు వదిలాను. దాని కింద ఇంకో వరుసకు చోటు వదిలాను. సున్నం ఆరాక చెక్కే ఆయన అడిగాడు, "ఉలి పెట్టేదా?"

నేను పక్కకు జరిగాను.

అత్త పేరు సాయంత్రానికి పూర్తయింది. ఈ పొద్దున వెళ్లి కింది వరుసలో మామ పేరు నీళ్లతో రాశాను. చెక్కే ఆయన ఉలి పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చివరి అక్షరం రాసి చూసేసరికి మొదటిది సగం ఆరిపోయి ఉంది.

"రేపు" అన్నాను.