మొప్ప ఎత్తి చూసిన కంప్యూటర్

ఆ రోజుల్లో నాకు తెలియని సరుకు లోకంలో లేదనుకునేదాన్ని. ఆ రోజులంటే మరీ నా చిన్నతనం కాదు, నాలుగైదేళ్ళ కిందటి మాటే. కానీ పొగరున్న వయసునే పడుచుతనం అంటే మాత్రం, నా పడుచుతనం అరవై దాటాకే వచ్చింది. మూడో తరగతిలో నా పలక పగిలింది, బడి ఆగింది (పగలగొట్టింది మా అమ్మ, నెత్తిమీద గంప పెడుతుంటే చేతిలో పలక అడ్డం వచ్చిందట). ఇక అక్కణ్ణుంచి చేపలే నా చదువు. హార్బరులో వేలం పాడుకుని, గంప నెత్తికెత్తుకుని, వీధులన్నీ తిరిగి, మిగిలింది పూర్ణా మార్కెట్ పక్కన కూర్చుని అమ్మేదాన్ని. చేపకి కన్ను చూసి మురిసిపోకూడదు, మొప్ప ఎత్తి చూడాలి. ఎర్రగా ఉంటే ఇవాళ్టిది, నల్లబడితే ఎప్పటిదో ఆ గంగమ్మకే తెలియాలి. నాకు వచ్చిన శాస్త్రం ఇంతే. దీనితోనే కొడుకునీ కూతుర్నీ పెంచాను, దీనితోనే అల్లుణ్ణీ ఎంచాను (అక్కడ మొప్ప ఎత్తనివ్వలేదు, అందుకే అలా కుదిరాడు).

మా కొడుకు కూతుర్ని ఇంట్లో బుల్లి అంటాం. చిన్నప్పట్నుంచీ ఫోనులో ఆటలాడి ఆడి నా చేత తిట్లు తిన్న పిల్ల. డిగ్రీ అయ్యేసరికి, ఆ ఆటల్ని తయారుచేసేవాళ్ళు కూడా ఉంటారనీ, వాళ్ళకి జీతాలిస్తారనీ కనిపెట్టింది. రుషికొండ మీద అలాంటి ఆఫీసు ఒకటి ఉందట. వెళ్ళి అడిగితే, "నెల్లాళ్ళలో నీ చేత్తో ఒక చిన్న ఆట తయారుచేసి పట్టుకురా, బాగుంటే పనిలోకి తీసుకుంటాం" అన్నారట. దానికి మామూలు కంప్యూటర్ చాలదు, ఆటలాడేవాళ్ళు కొనే గట్టి కంప్యూటర్ కావాలి. కొడుకు వేటకి సముద్రం మీదికి పోయాడు. గట్టున ఉన్నా వాడి మాట ఇంట్లో చెల్లదనుకోండి. కంప్యూటర్‌కని పాడుకున్న చీటీ డబ్బు నాది కాబట్టి తీర్పూ నాదే.

"కొనకూడదు మామ్మా, కట్టుకోవాలి. సామాన్లు విడివిడిగా తెచ్చి మనమే బిగించుకుంటే అదే డబ్బుకి ఎంతో మంచిదొస్తాది. దేని గ్యారంటీ దానికుంటాది" అంది బుల్లి.

'కట్టుకోవాలి' అన్న మాట చెవిన పడగానే నాకు మా పాత పడవ గొడవ గుర్తొచ్చింది. మా ఇంటాయనా ఇదే మాట అన్నాడు. కట్టిన పడవ కొంటే అడిగినంత ఇవ్వాలి, మనమే కట్టుకుంటే సగానికి సగం కలిసొస్తుందని చెప్పి, ముందుగా ఇంజను కొన్నాడు. పడవ లేదు, ఇంజనుంది. ఎవరో చవగ్గా ఇచ్చారట. అది మా మంచం పక్కన గోనె కప్పుకుని పడుకునేది, చుట్టాలొస్తే దానిమీదే కూర్చునేవారు. తరవాత కర్ర వచ్చింది, మేకులు రాలేదు. మేకులొచ్చేసరికి కర్ర వంకర తిరిగింది. ఎప్పుడడిగినా "ఇంకొక్క సామానొస్తే అయిపోద్దే" అనేవాడు. ఆ ఒక్క సామాను కోసం చూస్తూ చూస్తూ ఆయనే పోయాడు. ఇంజను ఉప్పుగాలికి తుప్పుపట్టి తూకానికి పోయింది, కర్ర నా పొయ్యిలోకి పోయింది. పడవ నీళ్ళు చూడలేదుగానీ, పులుసు మాత్రం బాగా మరిగింది.

ఈ కథంతా తెలిసి కూడా పిల్ల ఫోను తెరిచి బొమ్మలు చూపించడం మొదలెట్టింది. "ఇదేటే?" అంటే, "మదర్‌బోర్డు మామ్మా, అన్నీ దీనికే తగిలిస్తాం" అంది. (తల్లిబోర్డు ఉందిగానీ అత్తబోర్డు లేదు. ఉంటే ఖర్చు అదుపులో ఉండేది.) "మరిదేటి?" అన్నాను. "గ్రాఫిక్స్ కార్డు. తెరమీద బొమ్మలన్నీ కదిపేది ఇదే. మిగతావి ఎలాగున్నా ఇది మాత్రం మంచిది పడాలి."

"అంటే ఇంజనన్నమాట."

"ఆ, ఇంజనే అనుకో."

పాపం, ఆ మాట అనకుండా ఉండాల్సింది. "మీ తాత కూడా ఇంజనుతోనే మొదలెట్టినాడు. నా కొంపలో ఇంకో ఇంజను పడుకోడానికి సోటు లేదు. కట్టిందే కొందాం" అని లేచిపోయాను.

సరిగ్గా అప్పుడే మా అల్లుడొచ్చాడు (అన్నం వేళ ఆయనకెప్పుడూ తప్పిపోదు). పోర్టులో ఫిట్టరు. బోల్టున్న ప్రతి వస్తువు మీదా ఆయనకొక అభిప్రాయం ఉంటుంది. "రెడీమేడంటే రెడీమేడే అత్తా! తెచ్చీసి, ప్లగ్గు పెట్టీసి, ఆడుకోడమే. నాకు తెలిసిన షాపుంది, మనోడే" అన్నాడు చేప ముల్లు తీసుకుంటూ. బుల్లి ఊరుకోలేదు. "మావయ్యా, అలాంటివాటికి పైన లైట్లు పెట్టి లోపల పాత సామాన్లు తోసేస్తారు." ఆయనకి పౌరుషం వచ్చింది. "ఓడలకి బిగించినోణ్ణి, నాకు సెప్పొచ్చినావేటే గుంటా!"

మర్నాడు ముగ్గురం ఆటోలో వెళ్ళాం. మేడమీద దుకాణం, లోపల మా హార్బరు ఐసుగదిలా చలి. వరసగా గాజుపెట్టెలు, వాటిలో ఎర్రవీ నీలంవీ ఆకుపచ్చవీ లైట్లు గిర్రుగిర్రున తిరుగుతున్నాయి. ఆ షాపతను ఇరవై అయిదేళ్ళవాడు, మహా మర్యాద. మేం కూర్చునేలోపే అతనూ మా అల్లుడూ 'బావా' అంటే 'బావా' అనుకుంటున్నారు. నేను మాత్రం లైట్లకేసి చూస్తున్నాను. మా బజార్లో చేపల మీద ఎర్రపట్టా ఎందుకు కడతామో నాకు తెలుసు. దాని నీడలో నిన్నటి మొప్ప కూడా ఇవాళ్టిదిలా మెరుస్తుంది. నేనూ కట్టాను.

"ముందా లైట్లు ఆర్పు బావూ. ఆర్పి, మూత తీసి సూపించు."

"మూత తీయకూడదమ్మా. ఇదిగో, ఇక్కడ స్టిక్కరుంది. ఇది చిరిగితే గ్యారంటీ పోతుంది."

"మొప్ప ఎత్తనివ్వని సేపని నానెప్పుడూ కొన్లేదు."

"ఇది చేప కాదు కదమ్మా."

"ధర మాత్రం వంజరం ధరే సెప్తన్నావు!"

బావలిద్దరూ పగలబడి నవ్వారు. బుల్లి నా కొంగు లాగి, "మామ్మా, ఒక్కసారి తెర తగిలించి ఆన్ చేసి చూపించమందాం" అని గొణిగింది. అప్పటికే నేను బేరంలో దిగిపోయాను. బేరంలో దిగిన నన్ను ఆపిన మనిషి ఇంకా పుట్టలేదు. చెప్పినదానికి సగం అడిగాను. అతను ఏడుపుమొహం పెట్టాడు. నేను లేచి మెట్లదాకా నడిచాను. అతను "అమ్మా, రండమ్మా" అన్నాడు. ఇంకో మెట్టు దిగాను. ఒప్పేసుకున్నాడు. అంత బేగి ఒప్పుకున్నవాడి సరుకుని రెండుసార్లు వాసన చూడాలని గంప మోసిన ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. ఆ పూట నాకు తట్టలేదు. గెలిచినవాళ్ళకి ముక్కు పనిచెయ్యదు. పైగా కొసరు కింద ఒక మౌసునీ, దాని కింద పరిచే గుడ్డనీ సాధించి, "ఆటో ఆగుంది, పద" అని పిల్లని లాక్కొచ్చేశాను.

ఇంటికొచ్చి పెట్టె దింపాం. బుల్లి ప్లగ్గుల తీగ వెతకడానికి లోపలికెళ్ళింది. నాకు ఒళ్ళంతా ఒకటే దురద. "డబ్బిచ్చీసినాం. ఇప్పుడు సేప నాది, మొప్పా నాదే" అని స్టిక్కరు కింద బొటనవేలి గోరు దూర్చాను. ఎన్ని వేల మొప్పలెత్తిన గోరది! చర్రుమని ఊడొచ్చింది. "మామ్మా!" అని వెనకనుంచి పిల్ల కేక. అల్లుడు అప్పటికే స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నాడు (ఆయనకీ లోపలేముందో చూడాలనే ఉంది, తిట్లు మాత్రం ముందు నన్ను తిననిచ్చాడు). మూత తీశాం. బుల్లి వంగి చూసింది. వేలుపెట్టి ఒకచోట చూపించింది. ఆ గ్రాఫిక్స్ కార్డుకి చిన్న ఫ్యానుంటుంది. దాని రెక్కల్లో దుమ్ము, ఎవరిదో ఒక పొడుగాటి వెంట్రుక.

"ఇది కొత్తది కాదు మామ్మా. ఎవరో వాడి వదిలేసిన కార్డు. నేను బళ్ళో ఉన్నప్పటిది."

"సూసినావా! నాను సెప్పలేదేటి!" అని చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను. మోసపోయామని తెలిసి సంబరపడ్డ మనిషి ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పిల్ల నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చాలా నెమ్మదిగా అంది: "మూత తియ్యక్కర్లేదు మామ్మా. కరెంటు పెడితే ఆ కార్డు పేరేటో, ఏ కాలం నాటిదో తెరమీద అదే చెప్పీసేది. స్టిక్కరు చిరక్కుండా పట్టుకెళ్ళి వాడి మొహం మీద పెట్టేవాళ్ళం."

తన వయసు తనే చెప్పుకునే చేప ఒకటుంటుందని నాకెవరు చెప్పారు?

ఆ సాయంత్రమే పెట్టె మోసుకుని మళ్ళీ వెళ్ళాం. షాపతను మా మొహాలు చూడలేదు, ముందు స్టిక్కరు చూశాడు. పొద్దున్న 'బావా' అన్న నోటితోనే మా అల్లుణ్ణి "సార్" అన్నాడు. "మూత మీరు తీశారు. లోపల కార్డు మీరే మార్చలేదని నేనెలా నమ్మేది? తెరిచింది వాపసు తీసుకోమమ్మా" అన్నాడు. నేను కొంగు బిగించి నోరు తెరిచాను. తీరా చూస్తే అతనన్న మాట నాదే. ఇంటికి పట్టుకెళ్ళి కోసి, వాసనొస్తోందని తిరిగొచ్చిన ప్రతి ఇల్లాలికీ నేను చెప్పిందీ అదే: "కోసీసిన సేప వాపసు తీసుకోనమ్మా. ఇంటికాడ మీరేటి సేసినారో నాకేటి తెల్సు!" చేతిలో సంచీ పట్టుకుని ఎండలో నిలబడ్డ ఆ ఆడాళ్ళంతా ఆ సంచీతోనే ఎలా తిరిగెళ్ళిపోయేవారో, నేనూ అలాగే మెట్లు దిగాను. అల్లుడు కింద దాకా వచ్చి, "రేపు నాను మళ్ళీ వొచ్చి తేలుస్తాను అత్తా" అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

వేరే కార్డు కొనడానికి నా దగ్గర ఇంకో చీటీ లేదు. బుల్లి ఆ పాతదానితోనే పనికి కూర్చుంది. అది చేస్తున్న ఆట మన హార్బరే: పడవలు, కాకులు, వేలంపాట, వెనకాల సముద్రం. ఆ సముద్రంతోనే వచ్చింది చిక్కు. కెరటాలు కదిపితే కంప్యూటర్ ఆగిపోయేది. కంప్యూటర్ ఆగకూడదంటే కెరటాలు ఆపాలి. ఫ్యాను మాత్రం మా ఇంటాయన ఇంజను ఎన్నడూ చెయ్యనంత చప్పుడు చేసేది. ముందు కాకుల్ని తీసేసింది, తరవాత సగం పడవలు తీసేసింది, గడువు దగ్గరపడ్డాక సముద్రాన్ని ఆపేసింది. అలా కదలని సముద్రాన్ని పట్టుకుని రుషికొండ వెళ్ళింది. "నీళ్ళు కదలట్లేదేంటమ్మా?" అని అడిగారట. వాళ్ళ కిటికీలోంచి అసలు సముద్రం కెరటాలు కొడుతూ కనబడుతూనే ఉందట. "చూసి చెప్తాం" అన్నారు. చూశారు. చెప్పలేదు.

తరవాత బుల్లి ఆనందపురంలో ఒక బట్టల కొట్లో బిల్లులు కొట్టే పనికి కుదిరింది. రెండేళ్ళు జీతంలో మిగుల్చుకుని, కావలసినంత కూడాక, అన్ని సామాన్లూ ఒకేసారి కొనుక్కొచ్చింది. ఒక ఆదివారం పొద్దున్న చాప పరిచి బిగించుకుంది. నాకు ఒక గిన్నె ఇచ్చి, "స్క్రూలు నువ్వు పట్టుకో మామ్మా. మాటాడకు" అంది. పట్టుకున్నాను. మాటాడలేదు. మధ్యాహ్నానికల్లా తెరమీద సముద్రం కదిలింది, కాకులొచ్చాయి, పడవలన్నీ వచ్చాయి. ఎంత బాగుందో! మా హార్బరు నాకే కొత్తగా కనిపించింది, కంపు లేకుండా. ఇంకేముంది, మళ్ళీ పట్టుకుని రుషికొండ వెళ్ళింది.

తొందరగానే తిరిగొచ్చేసింది. చెప్పులు విప్పుతూ, "ఫ్రెషర్లనే తీసుకుంటారంట మామ్మా" అంది.

"అంటే ఏటే?"

"ఈ ఏడే చదువైనోళ్ళు. తాజావాళ్ళన్నమాట. నాకు మధ్యలో ఖాళీ వచ్చీసింది కదా."

ఇరవై మూడేళ్ళ పిల్ల నిలవ సరుకైపోయిందట! 'ఫ్రెష్షేనా?' అని అడిగినవాళ్ళకి బతుకంతా ఒట్టేసి జవాబు చెప్పినదాన్ని, ఆ పూట ఎవరికి చెప్పాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాను. పిల్ల లోపలికెళ్ళి అన్నం పెట్టుకుంది. ఇప్పటికీ ఆనందపురం బస్సే ఎక్కుతోంది. ఆదివారాలు తను చేసిన ఆట తనే ఆడుకుంటుంది.

ఇప్పుడు నాకు మోకాళ్ళు లేవు, నోరూ తగ్గింది. కూరగాయలవాడు చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చేస్తున్నాను. అప్పుడప్పుడు ఆ నాలుగైదేళ్ళ కిందటి మనిషి గుర్తొస్తుంది. వట్టి పొగరుబోతు, ఏమీ తెలియని మనిషి. అయినా ఆవిడే గనక ఇవాళ ఉండి ఉంటే, కొంగు దోపుకుని రుషికొండ ఎక్కేది. ఆ చల్లటి గదిలో కుర్చీ లాక్కుని కూర్చుని, "మా పిల్లని సరిగ్గా సూసినారేటి? తాజా కాదని ఎవుడన్నాడు, ఆణ్ణి ముందు పిలండి" అని మొదలెట్టేది. ఓడిపోయే తిరిగొచ్చేది, అందులో అనుమానం లేదు. కానీ ఆ పూట వాళ్ళెవరికీ టీ సహించేది కాదు.