చూడని దీవికి వెల కట్టాం

మా సయా ఆ దీవి దేశానికి ఒక్కసారే వెళ్ళాడు. సయా అంటే గురువు. యాంగోన్‌లో జీతమిచ్చేవాణ్ణి కూడా అలాగే పిలుస్తాం. వెళ్ళినప్పుడు అక్కడ వానలట, హోటల్ దాటి బయటికి రాలేదు. తిరిగొచ్చాక మాత్రం ఏ మాట మొదలెట్టినా "నేను అక్కడ ఉన్నప్పుడు" అనేవాడు. అది విని విని ఆఫీసులో అందరి చెవులూ చిల్లులు పడ్డాయి.

బోటాటౌంగ్‌లో, రేవుకు దగ్గరగా, ఒక పాత గోదాం పై అంతస్తులో ఉండేది మా ఆఫీసు. ఆ చిన్న దేశపు ప్రకృతి సంపద ఎంతో, ఏళ్ళు గడిచేకొద్దీ అది పెరిగిందో తరిగిందో తేల్చడం మా పని. అడవికీ, ఉప్పునీటి మడ అడవులకూ, పగడపు దిబ్బలకూ, ఇసుక తీరానికీ, చివరికి నీళ్ళలో తిరిగే చేపలకూ వెల కట్టాలి. ఉపగ్రహం తీసిన పాత చిత్రాన్నీ కొత్త చిత్రాన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఎక్కడ ఏముందో గుర్తుపట్టి రంగులు వేయడం నా వంతు. ఆ రంగులకు ధరలు అంటించడం సయా వంతు.

సయా మనవాడే. పబేడాన్‌లో బట్టల కొట్టున్న తెలుగు వర్తకుల ఇంటివాడు. మా తాత బోటాటౌంగ్ రేవులో బస్తాలు మోశాడు. ఆ తేడా అతను ఎప్పుడూ నోటితో అనలేదు, అనాల్సిన అవసరం రాలేదు. అందరి ముందూ నాతో బర్మీస్‌లోనే మాట్లాడేవాడు, అదీ ముక్తసరిగా. పని పడితే మాత్రం పక్కకు పిలిచి, "సెల్లీ, మన వోళ్ళం కదా" అని తెలుగు తీసేవాడు. ఆ తెలుగు వినబడిందంటే నా ఆదివారం పోయినట్టే.

రంగులు వేసే పని మాత్రం నాకు నచ్చింది. కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ కోసం ఎదురుచూస్తూ కూడా ఆ తీరం గురించే ఆలోచించేదాన్ని. నెలల తరబడి చూశాక, ఎక్కడ ఏరు సముద్రంలో కలుస్తుందో, ఎక్కడ దిబ్బ తేలుతుందో తామ్వేలో మేముండే వీధిలా తెలిసిపోయింది. ఉత్తరాన చేట ఆకారంలో ఒక అఖాతం ఉంది. పాత చిత్రంలో దాని చుట్టూ చిక్కటి మడ అడవి. కొత్త చిత్రంలో ఆ అడవి లేదు. గీత గీసినట్టు తెల్లటి గోడ, దాని వెనక హోటల్ కప్పులు, కత్తిరించిన గడ్డి.

చూసినది చూసినట్టు రంగు వేసి ఇచ్చాను. సయా ధరలు కలిపాడు. మొత్తం చూస్తే ఆ దేశపు ప్రకృతి సంపద మునుపటికంటే పెరిగింది! నాదే పొరపాటనుకుని రంగులన్నీ మళ్ళీ చూశాను. పొరపాటేమీ లేదు. అతని గదికి వెళ్ళాను.

"మడలు పోయాయి కదా సయా, సంపద ఎలా పెరిగింది?"

"మిగిలినయి లేవేటి? అయి సూడ్డానికే కదా టూరిస్టులొస్తన్నారు. తక్కువున్నాయి కాబట్టే రేటు పెరిగింది. హోటల్ ముందర బీచ్ కూడా కలిపేను."

"అయితే ఇంకొన్ని నరికేస్తే?"

"ఇంకా పెరుగుద్ది," అన్నాడు తల ఎత్తకుండానే. "ఇది ఎకనామిక్స్ సెల్లీ. నువ్వు రంగులు సూసుకో."

సిగ్గున్న మనిషికి ఇలాంటి మాట అనేటప్పుడు ముఖంలో ఎక్కడో ఏదో కదులుతుంది. నేను వెతికాను. ఏదీ కదల్లేదు.

ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే అమ్మ అడిగింది. "ఏటే ఆ మొకం?"

చెప్పాను. అమ్మ శ్రద్ధగా విని, "ఆల్ల దీవి, ఆల్ల సెట్లు. నీ జీతం ఆపలేదు కదా?" అంది.

"లేదు."

"మరేటి? తిను."

ఆ దేశపు అధికారులకు వీడియోలో నివేదిక చూపించాల్సిన రోజు వచ్చింది. అఖాతం చిత్రాలు రెండూ తీసెయ్యమని సయా ముందే చెప్పాడు. నేను తియ్యలేదు. తెర మీద ఒకదాని తర్వాత ఒకటి మార్చేది నేనే కాబట్టి, వాటి వంతు రాగానే పక్కపక్కన నిలబెట్టి ఊరుకున్నాను. సయా దగ్గాడు. నేను వినిపించుకోలేదు.

అవతల ఉన్న ఒక అధికారిణి ముందుకు వంగి చూసింది. "ఇది మా అమ్మమ్మ ఊరు. ఆ మడల్లో పీతలు పట్టే మమ్మల్ని పెంచింది," అంది. తర్వాత అడిగింది, "ఆ పీతలకు విలువ ఎంత వేశారు?"

"ఇంట్లో వండుకు తిన్నవాటికి అమ్మకం ఉండదు కదండీ, అందుకని లెక్కలోకి తీసుకోలేదు," అన్నాడు సయా తన మంచి ఇంగ్లీషులో.

ఇప్పుడు కడిగేస్తుంది ఇతన్ని అనుకున్నాను. ఆవిడ ఏదో రాసుకుని, "సరే, అర్థమైంది. సంపద పెరిగిందని చూపించే ఆ గ్రాఫు గీతను ఇంకాస్త పెద్దగా వేయగలరా? మా మంత్రిగారికి చూపించాలి," అంది.

అంతవరకు నా అసహ్యమంతా ఒక్క మనిషి కోసమే దాచుకున్నాను. ఆ రోజు ఇద్దరికి పంచాల్సి వచ్చింది.

మీటింగు అయ్యాక సయా తలుపు వేసి, "తీసీమన్నాను కదా?" అన్నాడు.

"ఉన్నదే కదా చూపించాను."

"ఉన్నది ఎవడడిగేడు?"

నివేదికలో నా పేరు వెయ్యొద్దని చెప్పాను. బతిమాలతాడేమోనని లోపల చిన్న ఆశ లేకపోలేదు. అతను "ఓస్, అంతేనా!" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

అచ్చయిన నివేదిక ప్రతి ఒకటి నా బల్ల మీదికీ వచ్చింది. అట్ట మీద నీలి సముద్రం, పడవలు, ఒడ్డున ఎండుచేపలు పరుస్తున్న ఒక ఆడమనిషి. ఆమె బుగ్గల మీద తనాకా చెక్క అరగదీసిన పూత స్పష్టంగా కనిపిస్తోంది, మా ఊళ్ళో ఆడవాళ్ళు పొద్దున్నే రాసుకునేదే. పట్టుకెళ్ళి చూపించాను.

"ఇది ఆ దీవి కాదు సయా. మన బర్మా తీరం."

అతను కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "సముద్రం సముద్రమే. ఆల్లకేటి తెలుస్తాది?"

తమది కాని సముద్రాన్ని అట్ట మీద చూసి కూడా అవతలివాళ్ళు ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడాది లెక్క కూడా మాకే అప్పగించారు. ఆ కబురు వచ్చిన వారమే ఉద్యోగం మానేశాను. ఇప్పుడు తామ్వేలోనే, ఇంట్లో కూర్చుని పిల్లలకు భూగోళం, లెక్కలు చెబుతున్నాను. జీతం తగ్గిందని అమ్మ ఇంకా సణుగుతూనే ఉంది.

ప్రకృతికి సేవ చేస్తున్నాడని మొన్న గుడిలో మనవాళ్ళంతా కలిసి సయాకు శాలువా కప్పారు. బర్మీస్ అక్షరాల్లో రాసి తెచ్చుకున్న తెలుగు ప్రసంగాన్ని అతను తడుముకుంటూ చదివాడు. ప్రకృతి మన తల్లి అన్నాడు, చెట్టు కొట్టినవాడికి పుట్టగతులుండవన్నాడు. జనం చప్పట్లు కొట్టారు, అందరికంటే గట్టిగా మా అమ్మ.

"ఎంత బాగా సెప్పేడే! అలాటోడి కాడ పని మానుకున్నావు," అంది నా మోచేతిని పొడుస్తూ.

నేను పులిహోర తిని, చేయి కడుక్కుని, అతను పలకరించేలోపే మెట్లు దిగిపోయాను.