కిందగదిలో బొటనవేలి తీర్పు

చరిత్రకెక్కడానికి మనుషులు రకరకాల దారులు తొక్కారు. కొందరు కోటలు కట్టారు, కొందరు వాటిని కూలగొట్టారు. మా కథలోని కాలనీ అసోసియేషన్ సెక్రటరీగారు మాత్రం ఆ పనిని కుడికాలి బొటనవేలితో కానిచ్చారు. రోజూ పొద్దున్నే, ఇంకా కాఫీ చుక్క గొంతు దిగకముందే, ఆయన మెట్లు దిగి కిందగది గుమ్మంలో చెప్పులు విడిచేవారు. పైజామా అంచు కాస్త పైకెత్తి, బొటనవేలు నేలకి ఆనించి, కళ్లు మూసుకుని, "తేమ" అని ప్రకటించేవారు. వానాకాలంలో ఈ ప్రకటన "నీళ్లు" అని మారేది.

"కళ్లు తెరిచినా కనబడుతుంది కదండీ," అనేది భార్య.

"చూపు మోసం చేస్తుందే. వేలు చెయ్యదు."

ఆ గదిలో ఆమె కుట్టు క్లాసు నడుపుతోంది. మిషన్ల కాళ్ల కింద ఇటుకలు, గుడ్డల బీరువా కింద మళ్లీ ఇటుకలు. కాలనీ అంతా ఏటవాలు మీద ఉంది. అన్నిటికన్నా దిగువ ఇల్లు వీళ్లదే, దాని వెనక ఎత్తైన రాతిగోడ. పైన కురిసిన వాన భూమిలోకి ఇంకి, ఇళ్లన్నిటి కిందుగా గుట్టుచప్పుడు కాకుండా దిగి వచ్చి, గోడ అడ్డు తగలగానే కుట్టు క్లాసులో చేరిపోయేది, ఫీజు కట్టకుండా.

"వచ్చే వానలకీ ఇంతే అయితే క్లాసు మూసేస్తానండీ. మిషన్ల తుప్పు పెళ్లిబట్టల మీద పడుతోంది," అందామె ఒకరోజు. గొంతు పెంచకుండా అంది. అందుకే ఆయన హడలిపోయారు.

సెక్రటరీగారు ఉద్యోగమంతా నీటిసరఫరా ఆఫీసులో బిల్లులు రాశారు. బిల్లులు రాసినవాడికి నీళ్లు తెలియకపోతాయా అని కాలనీవాళ్లు ఆయన్నే ఎన్నుకున్నారు. ఆయనా వాళ్ల నమ్మకం వమ్ము చెయ్యలేదు. కిందగది మూల గుంట తవ్వించి, పంపు పెట్టించి, పొడుగాటి పైపుతో నీళ్లని ఎగువ రోడ్డు కాలువ దాకా ఎక్కించారు. మీటింగులో చప్పట్లు మోగాయి. పంపు మాత్రం ఆ రోజు నుంచి ఊపిరి పీల్చుకోలేదు.

చివరికి ఒక ఇంజినీరు వచ్చి అసలు ఉపాయం చెప్పాడు. నీళ్లు ఇళ్ల కిందికి చేరకముందే పైనే పట్టాలి. ఎగువన అడ్డంగా కందకం తవ్వి, చిల్లుల పైపు పరిచి, చుట్టూ కంకర నింపి, పక్కనున్న పెద్ద కాలువలోకి మళ్లించాలి. చిక్కేమిటంటే, కందకం వెళ్లాల్సింది ఎగువింటి రిటైర్డ్ జడ్జిగారి గులాబీ మడిలోంచి.

"మా ఇంట్లో చుక్క తేమ లేదు. కేసు కొట్టేస్తున్నాను," అన్నారు జడ్జిగారు.

ఆ సాయంత్రం పంపు దగ్గర నిలబడి భార్య అడిగింది. "మనం తోడే నీళ్లు ఎటు పోతున్నాయండీ?"

"పైకి."

"పైకి పోయినవి?"

బిల్లు పంపాక నీళ్ల యోగక్షేమాలు విచారించే అలవాటు సెక్రటరీగారి ఆఫీసులో లేదు.

ఆమె తెల్లబట్టలకి పెట్టే నీలం సీసా తెచ్చి గుంటలో గుమ్మరించింది. ఇద్దరూ పైపు వెంట ఎక్కారు. ఎగువ రోడ్డు కాలువలో నీలినీళ్లు నాలుగడుగులు హుషారుగా పారి, జడ్జిగారి కంచె పక్కన పగులు దొరకగానే మాయమయ్యాయి. కంచె అవతల జడ్జిగారు తన బూట్ల చుట్టూ చేరుతున్న మడుగుని పరిశీలిస్తున్నారు.

"సెక్రటరీగారూ, నా చెట్ల కిందికి ఆకాశం దిగిందేమిటి?"

"ఆకాశం కాదండీ, మా కిందగది," అంది ఆమె.

"అంటే... ఇన్నాళ్లూ నేను నీళ్లు పోయకపోయినా ఇవి ఇంత ఏపుగా..."

"మావారు పోస్తున్నారండీ. కరెంటు ఖర్చు పెట్టి మరీ."

ఆ వారంలోనే గుంటలోకి లేతనీలం నీళ్లు ఊరాయి. కొత్త వాన తోడు రాగా, పాత నీళ్లే కాలనీ చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాయన్నమాట. సెక్రటరీగారు మీటింగులో లేచి ఈ సంగతి తలవంచుకుని విన్నవించుకుంటే, ముందుగా పగలబడి నవ్వింది జడ్జిగారే. నవ్వాక తీర్పు మార్చేశారు. "తవ్వండయ్యా. గులాబీలని మాత్రం నేనే ఎత్తుతాను."

తవ్వకం రోజు కాలనీ అంతా రోడ్డెక్కింది. కంకర తట్టలు చేతులు మారాయి. జడ్జిగారు వేళ్ల మట్టి రాలకుండా ఒక్కో మొక్కని పసిపిల్లలా మోశారు. పైపు చిల్లుల్లో మట్టి చేరకుండా చుట్టే వడపోత గుడ్డని కుట్టు క్లాసు పిల్లలు పొడుగాటి తొడుగుగా కుట్టి తెచ్చారు.

"పైపుకి చొక్కా బాగానే కుదిరింది. చేతులేవర్రా?" అన్నారు జడ్జిగారు.

"కొలతలకి మీ పైపు రాలేదండీ," అన్నారు పిల్లలు.

కాలువ పగులూ పూడ్చారు. తర్వాతి వానాకాలం వచ్చింది. మొదటి పెద్దవాన వెలిసిన మర్నాడు పొద్దున్న కాలనీ అంతా కిందగది మెట్ల మీద కిక్కిరిసింది. కింద మిషన్లు ఇటుకలు దిగి నేలమీద నిలబడి ఉన్నాయి. పంపు నోరెత్తడం లేదు. సెక్రటరీగారు చెప్పులు విడిచారు. పైజామా అంచు ఎత్తారు. దగ్గుతున్నవాళ్లు కూడా దగ్గు ఆపుకున్నారు. బొటనవేలు నేలని తాకింది. ఆయన మళ్లీ ఒకసారి ఆనించి చూశారు.

"తేమ," అన్నారు.

"అప్పీలుకి వెళ్దామా?" అని గొణిగారు జడ్జిగారు.

గది మూల నుంచి బకెట్టు పక్కకి జరుపుతూ భార్య అంది:

"అందరూ వస్తున్నారని ఇప్పుడే తడిగుడ్డ పెట్టానండీ."