మా నాన్నమ్మ ఉడకబెట్టిన శాలువా

నా చిన్నప్పుడు అంటే మరీ పాతకాలమేమీ కాదు. అప్పటికే నాన్న పాత ఫోన్ నా చేతికి వచ్చేసింది. నిన్నగాక మొన్నటిదానికి జ్ఞాపకమేమిటని మా ఇంట్లో పెద్దవాళ్ళు నవ్వుతారు. కానీ ఆ చలికాలం తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

భిలాయిలో మేం రుఆబాంధా క్వార్టర్లలో ఉండేవాళ్ళం. తాతయ్య ఉక్కు ప్లాంటులో ఉద్యోగానికని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు. ఆయన వెనకే వచ్చిన నాన్నమ్మ, ఎన్నేళ్ళయినా ఇక్కడి చలికి అలవాటుపడలేదు. చలి మొదలవగానే కాశ్మీరు నుంచి ఒకాయన సైకిల్ మీద పెద్ద మూట కట్టుకుని మా వీధికి వచ్చేవాడు. అందరూ ఆయన్ని శాలువా భయ్యా అనేవారు. కొండ గొర్రెల ఉన్ని వాళ్ళమ్మ వడికితే, ఆయనా అన్నదమ్ములూ మగ్గం మీద నేసేవారట. మూట విప్పితే చాలు, గొర్రెల వాసన. నాన్నమ్మ ఏటా చేత్తో తడిమి చూసి వదిలేసేది. ఆ ఏడు మాత్రం మనసు పడి గోధుమరంగు శాలువా ఒకటి కొనుక్కుంది. దానికి రంగేమీ వేయలేదు, గొర్రె రంగే శాలువా రంగు.

మా నాన్నమ్మకి ఒక పట్టింపు ఉండేది. కొత్త బట్ట ఏదైనా సరే, నీళ్ళలో జాడించి, ఆరేసి, అంచుకి పసుపు రాశాకే ఒంటిమీద వేసుకోవాలి. నేత చీరలకైతే గంజి పోవాలి కదా, ఉన్నికీ అదే లెక్క అనుకుంది. సముద్రపొడ్డున పుట్టి పెరిగినావిడకి ఉన్ని సంగతి ఏం తెలుస్తుంది? చన్నీళ్ళకి చేతులు కొంకర్లు పోతున్నాయని నా చేత బకెట్లో హీటర్ రాడ్ పెట్టించింది. నీళ్ళు పొగలు కక్కాక శాలువా ముంచి, సబ్బుపొడి వేసి, వెనక బండ మీద బాగా బాదింది. తీరా ఆరాక చూస్తే అది తువ్వాలంత అయి కూర్చుంది. ముట్టుకుంటే కంబళి ముక్కలా గట్టిగా ఉంది.

నా కోపం నాన్నమ్మ నుంచే వచ్చిందని అందరూ అంటారు. శాలువా భయ్యా మళ్ళీ వీధిలోకి రాగానే ఆవిడ గేటు దగ్గర నిలబడి అందుకుంది. మోసగాడంది, నకిలీ సరుకంది. వీధంతా బయటికొచ్చింది. నేను హుషారుగా ఫోన్ తీసి రికార్డు చేయడం మొదలుపెట్టాను. ఆయన ఆ ముడుచుకుపోయిన గుడ్డని అటూ ఇటూ తిప్పి చూసి, వేడినీళ్ళలో ఉతికారా అని మెల్లగా అడిగాడు.

"ఏటి వేడినీళ్ళు? ఠండా పానీ భయ్యా, ఠండా పానీ," అంది నాన్నమ్మ.

నువ్వు చెప్పమ్మా అంటూ ఆయన నావైపు తిరిగాడు. "బిటియా, తుమ్ బతావో."

నేను నాన్నమ్మ మొహం చూశాను. "ఠండా పానీ," అన్నాను.

ఆయన ఆ గుడ్డని మూట అడుక్కి తోసి, అలాంటిదే మరో శాలువా తీసి నాన్నమ్మ చేతిలో పెట్టి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. అంతకుముందే ఆయన్ని పిలిచిన పక్కింటి అక్క కూడా ఏమీ వద్దని తలుపు వేసుకుంది.

సాయంత్రం నాన్నమ్మ కొత్త శాలువా కప్పుకుని, టీ గ్లాసు పట్టుకుని నా పక్కన చేరింది. "ఏదీ, నా ఫైటింగు సూపించు," అంది. మొదట్లో తన అరుపులకి తనే పడీపడీ నవ్వింది. నా గొంతు వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను. ఫోన్లోంచి ఒక చిన్నపిల్ల తడుముకోకుండా, ముద్దుగా, ఠండా పానీ అంటోంది. నాన్నమ్మ శాలువా తీసి మడతపెట్టి పక్కన పెట్టేసింది. నన్ను తిట్టినా బాగుండేది.

తర్వాత ఆయన మా వీధికి రాలేదు. రెండు వీధుల అవతల తిరుగుతున్నాడనీ, మన వీధి గొడవ తెలిసి అక్కడా ఎవరూ తలుపు తీయట్లేదనీ ఓ రోజు పక్కింటి అక్క చెప్పింది. నాన్నమ్మ శాలువా చంకలో పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. ఏం చేయబోతోందో నాకు అర్థమైంది. ఆయన్ని ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, లోపల చెప్పొచ్చు కదా అని దారంతా బతిమాలాను.

"ఈదంతా ఇనబడేలా తిట్టినానే. ఇప్పుడు సెవిలో సెప్తే సరిపోద్దేటి?" అంది.

ఆయన సైకిల్ పక్కన నిలబడి, ఆ రోజు అరిచినంత గొంతుతోనే పేరుపేరునా అందరినీ పిలిచింది. వేడినీళ్ళలో ఉతికి అబద్ధమాడానని మనవాళ్ళకి తెలుగులో, మిగతావాళ్ళకి తనకొచ్చిన హిందీలో చెప్పింది. "హమ్ గరమ్ పానీ మే ధోయా. ఝూట్ బోలా. ఈయన సరుకు మంచిదే." పైఅంతస్తులో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను కొంగు చాటున దాక్కున్నాను. అప్పుడు నన్ను ముందుకు లాగి, "పిల్లదానికేటీ తెల్దు. నేనన్నదే అంది," అని కూడా చెప్పింది.

రాడ్ పెట్టింది నేనే. నాకంతా తెలుసు. అన్ని నిజాల మధ్య ఆవిడ ఒక్క అబద్ధం ఆడింది, అదీ నా కోసం. నేను నోరు విప్పాల్సింది అప్పుడే. విప్పలేదు.

శాలువా భయ్యా చిన్నగా నవ్వాడు. గొర్రె కూడా వానలో తడుస్తుందమ్మా, కానీ దాన్నెవరూ ఉడకబెట్టరు అన్నాడు హిందీలో. నాన్నమ్మ పట్టుబట్టి కొత్త శాలువా వెనక్కి ఇచ్చేసింది. ఆయన మూట అడుగు నుంచి ఆ ముడుచుకుపోయినదాన్ని తీసి, ఇప్పుడిది బిటియా సైజు అంటూ నా మెడకి మఫ్లర్‌లా చుట్టాడు. నేను తలెత్తలేదు. అవతలి ఇంటావిడ ఆయన్ని పిలుస్తుంటే మేం ఇంటికి వచ్చేశాం.

ఆ మఫ్లర్ ఇంకా నా దగ్గరే ఉంది, కోపం కూడా. మొన్నామధ్య నా కుర్తా పోగొట్టాడని ఇస్త్రీ చేసే భయ్యా మీద మా బిల్డింగు గ్రూపులో ఇంత పొడుగు మెసేజ్ పెట్టాను. కుర్తా నా బ్యాగులోనే దొరికింది. వేలు నేరుగా డిలీట్ మీదికే వెళ్ళింది. దాన్ని వెనక్కి తీసుకుని, ఆ గ్రూపులోనే, తప్పు నాదని రాశాను. ఎవరో నవ్వే బొమ్మ పెట్టారు.

నాన్నమ్మ ఇప్పుడు లేదు. శాలువా భయ్యా రావడం మానేసి చాలా కాలమైంది. ఆ వీడియో నాన్నమ్మ చూసిన రాత్రే తుడిచేశాను, ఆ గొంతు మాత్రం పోలేదు. నీళ్ళు కాచింది నేనే భయ్యా అని చెప్పాలి. ఏ వీధిలో నిలబడి చెప్పాలో తెలియదు.