పిళ్ళప్ప గెలిచిన గట్టు తగాదా

నలభై ఏళ్లలో పిళ్ళప్ప తగాదా గెలవగా నేను చూసింది ఒక్కసారే. బట్లహళ్ళిలో అతని చేను మా చేను పక్కనే. బస్సులో కండక్టరుతో, మండీలో దళారితో, ఇంట్లో పెళ్ళాం హనుమక్కతో, ఎవరితో పడితే వాళ్ళతో గొడవ పెట్టుకుని, ఓడిపోయి వచ్చి, గెలిచినట్టు నాకు చెప్పేవాడు.

పోయిన కార్తీకంలో అవతలి చేను ఆదినారాయణప్ప ట్రాక్టరుతో దున్నుతూ, ఇద్దరి మధ్య గట్టును జానెడు ఇటు జరిపేశాడు. పిళ్ళప్ప పార భుజాన వేసుకుని వచ్చాడు. నేను అనపకాయలు కోస్తూ చూస్తున్నాను.

"గట్టు యాడుండాదో తెలీదా అప్పా నీకు? ఇదో, ఈడుండాది," అని పార ఎత్తి నేలలో దించాడు. నేలనుకున్నది తన ఎడమకాలు. బొటనవేలి పక్కన పాదం చీలింది.

అతనికి తెలియనే లేదు. తన తాత గట్టు మీద నాటిన కానుగ చెట్టు ఏదని, ఆదినారాయణప్ప నాయన పీకేసిన హద్దురాయి ఏదని నిలదీస్తూనే ఉన్నాడు. రక్తం గట్టు వెంబడి పారుతోంది. ఆదినారాయణప్ప ముఖం సున్నం కొట్టినట్టయింది.

"పిళ్ళప్పా, నీ కాలు..."

"కాలు సంగతి ఎత్తొద్దు. గట్టు సంగతి మాట్లాడు."

"నీదేలే అప్పా. జానెడు గాదు, మూరెడు తీసుకో," అని ఆదినారాయణప్ప ట్రాక్టరు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

పిళ్ళప్ప నావైపు తిరిగి మీసం దువ్వాడు. "చూస్తివా అక్కా, నా మాట దెబ్బ?"

"చూస్తిలే. ఇంగ పార దెబ్బ చూసుకో," అన్నాను.

చూసుకున్నాడు. అప్పుడు కూలబడి, ఊరంతా వినేలా అరిచాడు.

ఆటోలో చింతామణి టౌను చేరేదాకా తిట్లు నాకే. "నొప్పి నా కాల్లో లేదు, నీ నోట్లో ఉండాది. నువ్వు చెప్పకపోయింటే వచ్చేదా?"

ఆసుపత్రిలో నర్సు నొప్పి పదికి ఎంతని కన్నడంలో అడిగింది.

"పదికి పది రాయమ్మా. బళ్ళో యాపొద్దూ రాలేదు."

డాక్టరమ్మ గాయం కడుగుతూ చెప్పింది. ఉన్నట్టుండి దెబ్బ తగిలితే, తప్పించుకోవడానికో పోట్లాడడానికో వీలుగా ఒళ్ళే లోపల ఒక మందు తయారుచేసుకుని నొప్పిని కాసేపు అణిచిపెడుతుందట. నాకు మొదటిసారికే అర్థమైంది. పిళ్ళప్పకు సగమే అర్థమైంది.

"లోపలే మందుంటే ఈ సూది యాలమ్మా?"

"ఆ మందు పని అయిపోయింది అప్పా."

పిళ్ళప్ప నావైపు దిగులుగా చూశాడు. "అంతా ఆదినారాయణప్ప మీదే ఖర్చు పెట్టేస్తి గదక్కా."

ఏడు కుట్లు పడ్డాయి. అవి ఊడదీసే లోపలే ఆదినారాయణప్ప మాట మార్చాడు. రక్తం చూసి కళ్ళు తిరిగి ఏదో అన్నానే గాని, పిళ్ళప్ప మాటకు ఓడలేదని టీ అంగడి ముందు అందరికీ చెబుతున్నాడు. గట్టు తేల్చడానికి సోమవారం సర్వేయరు వస్తున్నాడు.

నిన్న పిళ్ళప్ప కుంటుకుంటూ మా ఇంటికొచ్చాడు. ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఎన్నడూ లేనిది గొంతు తగ్గించాడు.

"గట్టు యాడుండాదో సర్వేయరు గొలుసు చెప్తాది. పోతే జానెడు పోనీ. ఆపొద్దు ఆడుండింది నువ్వొక్కదానివే. ఊరోళ్ళ ముందర ఒక్క మాట చెప్పాల అక్కా. ఆదినారాయణప్ప ఓడింది ముందర, పార పడింది ఆమీట అని."