వందకు వయసు కలిపిన సారు

మా లెక్కల సారు పోయారు. సోమవారం పొద్దున సరూర్‌నగర్‌లోని ఇంట్లో పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు, సాయంత్రానికి అంతా అయిపోయింది. ఆయనకు అరవై రెండేళ్లు. "వయసైంది కదా" అని పాడె దగ్గర ఎవరో అంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతున్నాను. మాది గుంటూరు వైపు, ఆయనది నల్లగొండ. తెలంగాణ ఉద్యమం వేడెక్కాక స్టాఫ్‌రూమ్‌లో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. సారు మాత్రం రోజూ నా ఎదురుగానే కూర్చుని టిఫిన్ డబ్బా విప్పేవారు.

"రాష్ట్రం వేరు గావాలె గాని డబ్బాలు వేరెందుకు బిడ్డా? ఆ గోంగూర ఇటియ్యి."

క్లాసులో మాత్రం రాక్షసుడు. జవాబు సరైనదే అయినా స్టెప్పులు లేకపోతే ఎర్రపెన్నుతో సున్నా చుట్టేవారు. "ఆన్సరొస్తే సరిపోతదా? ఎట్లొచ్చిందో చెప్పు. ఎవడో చెప్పిండని రాస్తవా?" అని అరిచేవారు. ఆ సున్నాలు నేనూ బోలెడు తిన్నాను.

అలాంటి మనిషి ఎవడో చెప్పిన లెక్కను నమ్మారు. పోయిన నెల ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రిలే దీక్షకు కూర్చున్నారు. నేనూ చూడటానికి వెళ్లాను. టెంటులో నర్సమ్మ ఆయనకు బీపీ చూసింది.

"పైది నూట అరవై రెండున్నది సార్. ఇయ్యాల్నే డాక్టర్‌కు చూపిచ్చుకోండ్రి."

సారు నవ్వారు. "వందకు వయసు కలుపమ్మా, బీపీ గంతే ఉండాలె. వంద, అరవై రెండు. లెక్క కరెక్ట్ వచ్చింది!"

టెంటంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

"గా లెక్క ఎవలు చెప్పిన్రు సార్?" అంటూ నర్సమ్మ ఆ అంకెను చీటీ మీద రాసి ఆయన చేతిలో పెట్టింది.

వయసు మీదపడే కొద్దీ రక్తనాళాలు గట్టిపడతాయనీ, అందుకే పై అంకె పెరుగుతుందనీ సోమవారం దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. "చాలామందికి పెరుగుతుంది. అంతమాత్రాన పెరగడం మంచిదని కాదు. మందులు వాడాల్సింది" అంది. ఇంత చిన్న ముక్క మాలో ఒక్కరికీ తెలియలేదా? "ఈ వయసులో మామూలే" అని తేల్చేసే ప్రతి మనిషి మీదా నాకు కోపంగా ఉంది. రుజువు అడగని సారు మీద కోపం. చప్పట్లు కొట్టిన నా చేతుల మీద ఇంకా కోపం.

నిన్న స్టాఫ్‌రూమ్‌లో ఆయన సొరుగు సర్దుతుంటే నర్సమ్మ రాసిచ్చిన చీటీ దొరికింది. అంకె కింద ఎర్రసిరాతో 100 + 62 = 162 అని రాసి, పక్కన తనే టిక్కు పెట్టుకున్నారు. అక్కడే ఉన్న ఆయన ఎర్రపెన్ను మూత తీశాను. టిక్కు కొట్టేసి, సున్నా చుట్టి, దాని కింద రాశాను.

స్టెప్పులేవి సార్?